బ్యాటరీ కొండెక్కింది

ఆ రోజుల్లో కర్నూల్లో ఉద్యోగమైనా దొరికేది గానీ ఇల్లు దొరికేది కాదు. కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. ఆ సంగతి పేపర్లో చదివిన సాయంత్రమే ఊళ్ళో ఇల్లున్న ప్రతివాడూ గొడ్ల కొట్టానికి సున్నం కొట్టించి, ‘వాటా అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డు కట్టాడు. గొడ్లు ఎక్కడికి పోయాయో నాకు తెలీదు గానీ, ఆఫీసులు మాత్రం డేరాల్లోకి పోయాయి. గాలి గట్టిగా వీస్తే కాగితాలు ఒక శాఖలోంచి ఇంకో శాఖలోకి వాటంతట అవే కదిలేవి. (ఆ తర్వాత పక్కా భవనాల్లో ఎన్నో ఆఫీసులు చూశాను. కాగితాలు అంత వేగంగా కదలడం మళ్ళీ చూడలేదు.)

అలాంటి కర్నూల్లో మా మామ ఇల్లు వెతకలేదు, ఇల్లు తెచ్చుకున్నాడు. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. బేతంచెర్లలో రాళ్ళ గనీ, బండలు నున్నగా పట్టే కార్ఖానా ఉన్న మనిషి. రాజధాని అన్నాక సర్కారు కచేరీలు కడతారు, కచేరీ అన్నాక నేల ఉంటుంది, నేల అన్నాక బండలు పరుస్తారు, ఆ బండలు తనవే అయ్యుండాలి అని ఆయన ఆలోచన. దానికోసం రాజధానిలో మకాం ఉండాలి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత అంబులెన్సు ఒకదాన్ని కొని, నంద్యాల వడ్రంగి చేత లోపల రెండు మంచాలు, మడిచే బల్ల, చిన్న బీరువా చేయించి, కిటికీలకు పూల పరదాలు కట్టించి, తుంగభద్ర ఒడ్డున తుమ్మచెట్ల కింద నిలబెట్టాడు. దెబ్బలు తగిలిన సిపాయిలు మూలిగిన చోటే మా మామ కాంట్రాక్టు కోసం మూలుగుతూ పడుకునేవాడు. ఎవరైనా ‘ఇదేంది రెడ్డీ, బండ్లో కాపరమా’ అంటే, ‘సర్కారే గుడారంలో ఉండాది. దానిది గుడ్డ ఇల్లు, నాది రేకుల ఇల్లు. నాకేం తక్కువప్పా’ అనేవాడు. ఊరు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది.

ఇల్లుబండిలో నాలుగు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో ఉండేవి. ఇవి కాక మా అవ్వ (అంటే మామకు తల్లి, నాకు తల్లికి తల్లి, మా ఇద్దరికీ హైకోర్టు) అహోబిలం నరసింహస్వామి పటం ఒకటి పెట్టించి, దాని ముందు ఎర్ర బల్బు ఒకటి వేయించింది. ఇన్నింటికీ కలిపి బ్యాటరీ ఒకటే. బండి తిరుగుతూ ఉంటే బ్యాటరీ తిన్నది మళ్ళీ నింపుకుంటుంది. మా బండి తిరిగేది కాదు, అది ఇల్లు కదా. సాయంత్రమయ్యేసరికి డేరాల్లోంచి గుమాస్తాలు, పనులు కావలసినవాళ్ళు, పనులేమీ లేనివాళ్ళు ఇరవైమంది దాకా వచ్చి ఫ్యాను వేయించుకుని, రాజధాని ఇక్కడే ఉంటుందా, ఇంకెక్కడికైనా పోతుందా అని రేడియోలో వార్తలు వినేవాళ్ళు. రాజధాని సంగతి ఏ రోజూ తేలేది కాదు. బ్యాటరీ సంగతి మాత్రం రెండు రోజులకొకసారి తేలిపోయేది. పొద్దున మామ ఏ ఇంజనీరు ఇంటికో పోవడానికి తెల్లపంచ కట్టుకుని ముందు సీట్లో కూర్చునేవాడు, డ్రైవరు మీట నొక్కేవాడు, బండి ‘టిక్’ అనేది. అంతే.

డ్రైవరుకు సెల్ఫు సాయబు అని పేరు. ముప్పై ఏళ్ళు హ్యాండిల్ తిప్పి లారీలు నడిపిన మనిషి. ముసలితనంలో మీట నొక్కితే కదిలే బండి దొరికేసరికి, దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి, ‘దీనికి సెల్ఫు ఉండాది, చూసినావా’ అని చెప్పేవాడు. బ్యాటరీ పడిపోతే హ్యాండిల్ తిప్పొచ్చు కదా అని మీరు అనవచ్చు. ‘సెల్ఫు ఉన్న బండికి హ్యాండిల్ తిప్పితే ఇజ్జత్ యాడుంటాది’ అని సాయబు ఆ హ్యాండిల్‌ను గనికి పంపించేశాడు. అక్కడ దాన్ని గడ్డపారగా వాడుతున్నారని తర్వాత తెలిసింది. కాబట్టి బ్యాటరీ పడితే నలుగురు మోసుకుపోయి రేడియో అంగట్లో చార్జికి పెట్టాలి, రెండు రోజులు ఎదురుచూడాలి. ఆ రెండు రోజుల్లో మామకు పోటీగా ఉన్న పాలిషాయన (ఈయనకూ బండల కార్ఖానా ఉంది, పైగా సైకిలు ఉంది, సైకిలుకు బ్యాటరీ అక్కర్లేదు) ఊళ్ళో ఉన్న ఇంజనీర్లందరినీ చూసి వచ్చేసేవాడు.

అప్పుడు నన్ను పిలిపించారు. నేను కడప దగ్గర పల్లెలో స్కూలు ఫైనలు రెండుసార్లు రాసి, రెండుసార్లూ నా అభిప్రాయాలకూ పరీక్షాధికారుల అభిప్రాయాలకూ పొత్తు కుదరక, మా నాయన వేరుశనగ మండీలో తూకం దగ్గర కూర్చుని ఉన్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుమ్ము, మూటలు, మా నాయన ఉపన్యాసం. ఆ మూడింట్లో దుమ్మే కాస్త నయం. మామ నుంచి ‘అల్లుణ్ణి పంపండి, బ్యాటరీ చూసుకోవాల’ అని జాబు వచ్చింది. మా పల్లెలో బ్యాటరీ అంటే చేతిలో పట్టుకునే టార్చిలైటు. వాడు రాజధానిలో వాళ్ళ మామ వెనకాల బ్యాటరీ పట్టుకుని నడుస్తాడట అని ఊరంతా చెప్పుకున్నారు. మా నాయన దానికి కూడా సంతోషించాడు. చేరిన రోజే మామ షరతు చెప్పాడు.

‘చూడు అల్లుడా. నేను మీట నొక్కమన్నప్పుడు బండి కదలల్ల. ముఖ్యమైన రోజు టిక్ అనిందంటే నీ పెట్టె సర్దుకో. మండీకే పోతావు. మీ నాయన నీకోసం తక్కెడ తుడిచి పెట్టుకోనుంటాడు.’

నాకు అప్పటికి పంతొమ్మిదేళ్ళు. కర్నూల్లో రెండు సినిమా హాళ్ళు, నదిగాలి, మిట్టమధ్యాహ్నం కూడా రాజకీయాలు మాట్లాడే మనుషులు. మళ్ళీ ఆ తక్కెడ దగ్గరికి పోవడం కంటే నదిలో దూకడం మేలని నిశ్చయించుకున్నాను. (అది ఎండాకాలం. నదిలో దూకితే మోకాలు పగిలేది.) పట్టుదలగా పని నేర్చుకున్నాను. బండి నిలిచిన వెంటనే బ్యాటరీకి ఉన్న రెండు వైర్లలో ఒకటి ఊడదీయాలి. రోజూ పొద్దున దాన్ని తగిలించి పావుగంటకు పైగా ఇంజను ఆడించాలి. మందుల అంగట్లో సీసాల్లో అమ్మే నీళ్ళే బ్యాటరీలో పోయాలి, అవ్వ మహానంది కోనేటి నీళ్ళు తెచ్చి ‘ఇవి ఇంకా శుద్ధంరా’ అన్నా సరే, పోయకూడదు. సాయంత్రం సభకు ఫ్యాను వద్దన్నాను, రేడియోకు అరగంట ఇచ్చాను. వారంలో మా సభ ఇరవైమంది నుంచి ముగ్గురికి దిగింది. ఆ ముగ్గురూ నిజంగా రాజధాని గురించి బాధపడేవాళ్ళు.

ఒక్క ఎర్ర బల్బు మాత్రం నాకు లొంగలేదు. వైరు ఊడదీస్తే స్వామి ముందర దీపం పోతుంది. ఊడదీయకపోతే ఆ చిన్న బల్బు రాత్రింబవళ్ళు బ్యాటరీని చప్పరిస్తూ ఉంటుంది.

‘అవ్వా, బల్బు ఆర్పేస్తా’ అన్నాను మొదటి రోజు.

‘నోరు కడుక్కో పో. దీపం ఆర్పేది అంటారా ఎవరన్నా? కొండెక్కింది అనల్ల.’

‘సరే, కొండెక్కిస్తా.’

‘దానంతట అది ఎక్కల్ల గానీ నువ్వు ఎక్కించేదేంది? నీ చేత్తో దీపం తీస్తే స్వామి ఊరుకుంటాడా? ఆయన శానా కోపిష్టి.’

నూనె దీపం పెడదామంటే, పెట్రోలు ట్యాంకు పక్కన నిప్పు పెడితే స్వామి కంటే ముందు తనకు కోపం వస్తుందని సాయబు చెప్పాడు. మూడు రోజులు ఆలోచించి నాలుగో రోజు అవ్వ దగ్గర కూర్చున్నాను. ‘అవ్వా, గుళ్ళో స్వామికి పవళింపు సేవ ఉంటుంది కదా. పాట పాడి నిద్రపుచ్చి తలుపు వేస్తారు కదా. మన స్వామి ఇన్ని నెలలుగా కంటి ముందర ఎర్ర బల్బు పెట్టుకుని ఒక్క కునుకు తీయలేదే. కోపం రాక ఏమవుతుంది’ అన్నాను. అవ్వ చాలాసేపు పటం వంక చూసింది. నిజంగానే స్వామి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ‘పాపం, నాకు తోచనే లేదు చూడు’ అంది. ఆ రోజు నుంచి పొద్దు గుంకగానే అవ్వ పటం ముందు కూర్చునేది, నేను స్పానరు పట్టుకుని పక్కన నిలబడి పాట పాడేవాణ్ణి. పాట నాదే. ‘లాలి నరసింహా, కొండల దొరా’ అని పైకి, ‘వైరు పీకుతాండా, కోపగించకురా’ అని లోపల. పాట అయ్యేసరికి వైరు ఊడేది, స్వామి నిద్రపోయేవాడు. ఆ తర్వాత రెండు నెలలు బండి ఒక్కసారి కూడా టిక్ అనలేదు. నేను దేవుణ్ణి, బ్యాటరీని, మామను ఒకే స్పానరుతో బిగించానని నాలో నేను అనుకునేవాణ్ణి. మనిషికి చెడుకాలం ఇలాంటి ఆలోచనతోనే మొదలవుతుంది.

కాంట్రాక్టు ఇచ్చే మనిషి ఒక పెద్దింజనీరు. కోస్తా నుంచి వచ్చినవాడు. మా ఎండలోకి వచ్చిన రోజు నుంచి ఆయన ముఖంలో ‘నేనేం పాపం చేశానండీ’ అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆయన భార్యకు అహోబిలం చూడాలని ఉందని మామకు తెలిసింది. మామ వెంటనే ఏర్పాటు చేశాడు. శనివారం ఇల్లుబండిలో దంపతులిద్దరినీ అహోబిలం తీసుకుపోవడం, ఆదివారం దర్శనం, సోమవారం పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికల్లా బేతంచెర్లలో మా గని, మా బండలు చూపించడం, సాయంత్రం అక్కడే రైలెక్కించడం. మంగళవారం ఆయన కాగితం మీద సంతకం పెడతాడు. పాలిషాయన సైకిలు అహోబిలం దాకా రాదు. మామ నన్ను పక్కకు పిలిచి, ‘సోమవారం పొద్దున ఏడు గంటలు. గుర్తుండాదా’ అని మాత్రం అన్నాడు. పెట్టె సంగతి వేరే ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

శనివారం సాయంత్రానికి దిగువ అహోబిలం చేరి, సత్రం వెనక చింతతోపులో బండి ఆపాం. సాయబుకు ఆళ్ళగడ్డలో చెల్లెలి కూతురి నిఖా. సోమవారం తెల్లవారేసరికి వస్తానని చివరి బస్సు ఎక్కుతూ, ‘వైరు మర్చిపోవాకప్పా గుమాస్తా’ అన్నాడు (నన్ను ఆయన అలాగే పిలిచేవాడు). నేను స్పానరు తీసుకుని, అవ్వ పటం ముందు కూర్చుని, పాట ఎత్తుకునేలోపల పెద్దింజనీరు మంచం మీద వాలి, ‘ఏమోయ్ అబ్బాయ్, ఆ ఫ్యాను కాస్త నా వైపు తిప్పు. ఫ్యాను లేకపోతే నాకు నిద్ర పట్టదు’ అన్నాడు. నేను మామ వంక చూశాను. మామ కళ్ళతోనే ఫ్యాను తిప్పమన్నాడు.

బయటికి వచ్చాక, ‘మామా, తెల్లవార్లూ తిరిగితే బ్యాటరీ పడిపోతుంది’ అన్నాను.

‘ఫ్యాను ఆపితే కాంట్రాక్టు పోతాది.’

‘బ్యాటరీ పడితే?’

‘నువ్వు పోతావు’ అన్నాడు మామ. ఆయన ఎప్పుడూ సూటిగా మాట్లాడే మనిషి.

ఆదివారం పొద్దున అందరూ కొండమీదికి, ఎగువ అహోబిలానికి బయలుదేరారు. ఆ రోజుల్లో అడవి దారిన మూడు గంటల నడక. నడవలేనివాళ్ళను డోలీలో కూర్చోబెట్టి మోసుకుపోయేవాళ్ళు. పెద్దింజనీరు భార్య నడుస్తానంది, పెద్దింజనీరు డోలీ ఎక్కాడు. అవ్వ మోకాళ్ళ నొప్పులని నాతో కిందే ఉండిపోయింది. వాళ్ళు కనుమరుగు కాగానే బండెక్కి మీట నొక్కాను. టిక్. మళ్ళీ నొక్కాను. ఈసారి ఆ టిక్ కూడా మొహమాటానికి అన్నట్టుంది. ఎర్ర బల్బు చూస్తే, ఆరిపోయిన బీడీ కొసలాగా ఉంది.

‘చచ్చింది అవ్వా’ అన్నాను.

‘ఒరే అబ్బోడా, క్షేత్రంలో ఉండి సావు మాటలు మాట్లాడతాండావు. ఇందాకే చెప్పినానా లేదా. కొండెక్కింది అను.’

ఇందాక కాదు, రెండు నెలల కింద చెప్పింది. అయినా ఆ మాట ఆ క్షణంలో నాకు చాలా ముద్దొచ్చింది. కొండ కింద కూర్చుని బ్యాటరీ కొండెక్కిందనడం. ఇంతకంటే అందమైన జోకు నా జీవితంలో పడలేదని అనుకుని (పంతొమ్మిదేళ్ళకు జీవితం చిన్నది), సాయబుకు చీటీ రాశాను. ‘బ్యాటరీ కొండెక్కింది. ఇంకో బ్యాటరీ తీసుకుని సోమవారం తెల్లవారేసరికి రావలెను. రాకుంటే నా పని కూడా కొండెక్కును.’ రెండుసార్లు చదువుకుని నవ్వుకున్నాను. పదిన్నర బస్సు కండక్టరు చేతికి ఇచ్చి, పెళ్ళి ఇంట్లో ఇవ్వమన్నాను. ఆళ్ళగడ్డలో సాయబు బావమరిదికి లారీ ఉంది, బ్యాటరీ దొరుకుతుంది. నా బుర్ర మీద నాకు మళ్ళీ నమ్మకం కుదిరింది.

సాయంత్రం కొండ దిగి వచ్చిన పెద్దింజనీరు ఫ్యాను వంక చూశాడు. నేను చేతులు కట్టుకుని, ‘క్షేత్రమండీ. స్వామికి పవళింపు సేవ అయిన తర్వాత ఇక్కడ ఏదీ తిరగకూడదని ఆచారం’ అన్నాను. ఆయన నిన్నటి రాత్రి ఎందుకు తిరిగిందని అడగలేదు. డోలీలో కూర్చుని కొండ ఎక్కిన మనిషికి కొంచెం అపరాధ భావం ఉంటుంది. ‘ఆచారమైతే సరేలే’ అని నిట్టూర్చి పడుకున్నాడు. అవ్వ నా వంక మెచ్చుకోలుగా చూసింది. ఆ రోజు పాటలో రెండో పాదం కూడా పైకే పాడాను. ఊడదీయడానికి వైరులో ఏమీ లేదు కాబట్టి నిర్భయంగా పాడాను.

సోమవారం ఏడైంది. మామ తెల్లపంచలో ముందు సీటు పక్కన నిలబడ్డాడు. దంపతులు పెట్టెతో సహా సిద్ధం. సాయబు లేడు. ఎనిమిదైంది. మామ వాచీ చూసుకోవడం మానేసి నన్ను చూడడం మొదలుపెట్టాడు. విషయం అంతా చెప్పక తప్పలేదు. ఫ్యాను, టిక్, చీటీ. చీటీలో జోకు సంగతి మాత్రం చెప్పలేదు, ఆ గంటలో అది అందంగా వినిపించదని తోచింది. తోసి చూద్దామంటే చక్రం పట్టేవాడు లేడు. లారీలకు బండలు ఎక్కించిన మామకు గానీ, వంతెనలకు లెక్కలు వేసిన ఇంజనీరుకు గానీ, బ్యాటరీకి జోలపాడే నాకు గానీ బండి నడపడం రాదు.

తొమ్మిది దాటాక కొండ మీది నుంచి దిగుతున్న యాత్రికుల గుంపు ఒకటి మా పక్కనే కూలబడింది. అందులో ఒక పెద్దామె అవ్వతో మాట కలిపింది.

‘దర్శనం బాగా అయిందామ్మా?’ అంది అవ్వ.

‘అయింది గానీ తల్లీ, పైన ఒక వింత చూసినాం. తెల్లారుజామున ఇద్దరు మనుషులు డోలీ మోసుకోని వస్తాంటే, ఎవరో పెద్ద జబ్బు మనిషిని స్వామి కాడికి తెస్తాండారని దారి ఇచ్చినాం. మొక్కినాం గూడా. గుడి ముందర దించి దుప్పటి తీస్తే లోపల మోటారు బండికి పెట్టే బ్యాటరీ ఉండాది. వెనకాల ఒక ముసలి సాయబు వచ్చి, ఇంకో బ్యాటరీ యాడుండాది, గుమాస్తా యాడున్నాడు అని అందర్నీ అడుగుతాండాడు.’

మామ నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

‘చీటీలో ఏం రాసినావు?’

చెప్పాను. ఆ వాక్యం అంత పొడవైనదని నాకు అంతకుముందు తెలీదు.

పెద్దింజనీరు మామ చేతిని మర్యాదగా పట్టుకుని, ‘పర్వాలేదండీ రెడ్డిగారూ, పదకొండు గంటల బస్సు ఉందట. మేము వెళ్ళిపోతాం. మీ బండల సంగతి చూద్దాం లెండి’ అన్నాడు. చూద్దాం అంటే చూడము అని ప్రభుత్వ తెలుగు నేర్చిన ఎవరికైనా తెలుసు. నేను అప్పటికే కొండ దారి పట్టాను.

మూడు గంటల దారిని ఎంతలో ఎక్కానో తెలీదు. ఎక్కుతూ ఉన్నంతసేపూ నా చెవుల్లో తక్కెడ గొలుసుల చప్పుడు వినిపించింది. పైన గుడి మెట్ల పక్కన నీడలో సాయబు బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. పక్కన బ్యాటరీ. ఎవరో పుణ్యాత్ములు దాని మూతల మీద కుంకం బొట్లు పెట్టి, ఒక మందారం కూడా పెట్టారు. నన్ను చూసి సాయబు లేచాడు.

‘ఏమప్పా గుమాస్తా, నిన్నటి నుంచి నిద్ర లేదు నాకు. యాడబ్బా నీ బ్యాటరీ? పొద్దున్నుంచి వెతుకుతాండా.’

‘కింద ఉంది, బండిలోనే.’

‘మరి కొండెక్కింది అని రాస్తివే. పెండ్లికి వచ్చిన బడి అయివారు చదివినాడు, అందరూ విన్నారు. మీ అవ్వ దీపం పిచ్చిలో స్వామి కాడ బల్బు పెట్టల్లని బ్యాటరీని పైకి మోయించిందేమో అనుకుంటి. ఒకటి సాలక ఇంకోటి అడుగుతాండారు, పెద్దోళ్ళ మొక్కు సంగతి మనకెందుకని వెదురు లారీలో కొండ కిందికి వచ్చి, ఆడ్నుంచే డోలీ మాట్లాడుకోని ఎక్కిస్తి. ఊళ్ళోకి వచ్చేదానికి టయిం యాడుండాది, తెల్లారేసరికి రమ్మంటివి గదా.’

‘కొండెక్కింది అంటే చచ్చిపోయింది అని సాయబూ.’

సాయబు బీడీ నేలకేసి నలిపాడు. ‘సచ్చిపోతే సచ్చిపోయింది అనేదానికి మీకేం రోగమప్పా’ అన్నాడు.

బ్యాటరీని మళ్ళీ డోలీలో కూర్చోబెట్టి కిందికి దించాం. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకు తప్పుకుని దండం పెట్టారు. నేనూ తల వంచుకునే నడిచాను, చూసేవాళ్ళు నన్ను దగ్గరి బంధువు అనుకుని ఉంటారు. మధ్యాహ్నం మూడు దాటాక వైర్లు తగిలించి సాయబు మీట నొక్కాడు. బండి ఒక్క దెబ్బకు లేచింది. అంత చక్కగా అది ఎప్పుడూ లేవలేదు. పెద్దింజనీరు పోయి నాలుగు గంటలైంది.

మామ ఆళ్ళగడ్డ బస్సుల దగ్గర బండి ఆపించాడు.

‘బ్యాటరీ దిగిందా?’ అన్నాడు.

‘దిగింది మామా.’

‘నువ్వూ దిగు.’

దిగాను. అవ్వ కిటికీ పరదా పక్కకు తీసి, ‘ఒరే, స్వామికి పాట ఎవరు పాడాలిరా’ అంది. బండి కదిలిపోయింది, నా పెట్టె నా కాళ్ళ దగ్గర ఉంది. మా నాయన తక్కెడ తుడిచి పెట్టుకుని ఉన్నాడు, మామ చెప్పినట్టే.

అనుకున్నట్టే కాంట్రాక్టు పాలిషాయనకు దక్కింది. ఆయన ఉత్సాహంగా గనులు తవ్వించి, వేలకొద్దీ బండలు నున్నగా పట్టించి, కర్నూలు బయట గుట్టలు గుట్టలుగా పేర్పించాడని మండీలో మూటల మధ్య కూర్చుని విన్నాను. దుమ్ము, మూటలు, ఉపన్యాసం. ఉపన్యాసానికి ఇప్పుడు కొత్త విషయం దొరికింది కాబట్టి అది మునుపటికంటే పొడుగ్గా సాగేది. అలా ఏడాది గడిచింది. ఆ తర్వాత ఒక రోజు, ఇన్నాళ్ళూ మా సభలో తేలని సంగతి తేలింది. రాజధాని హైదరాబాదుకు పోతుంది. డేరాలు విప్పారు, గుమాస్తాలు రైలెక్కారు, గొడ్ల కొట్టాల్లోకి గొడ్లు తిరిగి వచ్చాయి. పాలిషాయన బండలు అక్కడే ఎండలో ఉండిపోయాయి. ఆ వారమే నాకు మామ దగ్గరినుంచి కార్డు వచ్చింది. పెన్సిల్‌తో రెండు వాక్యాలు.

‘రాజధాని కొండెక్కింది. నువ్వు దిగి రా.’

కింద వంకర అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. అవ్వకు రాయడం రాదు, ఎవరి చేతో రాయించింది. ‘నువ్వు పోయినప్పటి నుంచి స్వామికి నిద్ర లేదు, వస్తే పాడుదువు గానీ.’ మా నాయన ఆ కార్డు తిప్పి తిప్పి చదివి, ‘కొండెక్కింది అంటే ఏమిరా, యాడికి పోయినట్టు’ అని అడిగాడు. నేను పెట్టె సర్దుకుంటూ, ‘పోయింది నాయనా, అంతే’ అన్నాను.

ఆ తర్వాత మా ఇల్లుబండి ఎక్కడికీ పోలేదు. బేతంచెర్ల కార్ఖానా వెనక రేకుల షెడ్డులో ఉండేది. పోవలసిన రాజధానీ లేదు, చూడవలసిన ఇంజనీరూ లేడు. అయినా పొద్దున పావుగంట ఇంజను ఆడించేవాణ్ణి, పొద్దు గుంకగానే పాట పాడి వైరు ఊడదీసేవాణ్ణి. నిలబడి ఉన్న బండికి బ్యాటరీ పడిపోకుండా చూడడంలో నాకు మించినవాడు జిల్లాలో లేడని సాయబు అందరికీ చెప్పేవాడు. అవ్వ పోయిన రోజు సాయంత్రం కూడా ఆ పాట పాడాను. ఆ రోజు రెండో పాదం లోపల కూడా పాడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కారు ఉంది, నెలలో ఇరవై రోజులు ఊరికే నిలబడి ఉంటుంది. ఊరికి పోయేముందు వైరు ఊడదీస్తాను. చేతులు ఆ పని చేస్తుండగా నోరు దానంతట అదే లాలి ఎత్తుకుంటుంది. మా ఆవిడ వంటింట్లోంచి, ‘ఎవరిని నిద్రపుచ్చుతాండావు’ అంటుంది. ఎప్పుడైనా మర్చిపోయి, తిరిగొచ్చాక కారు టిక్ అంటే, మెకానిక్కుకు ఫోను చేసి ‘బ్యాటరీ’ అన్నంతవరకు వచ్చి ఆగిపోతాను. తర్వాత వచ్చే మాట నాలుక చివర ఉంటుంది. దాని వెనకే, మందారం పెట్టుకున్న బ్యాటరీ ఒకటి డోలీలో ఊగుతూ కనిపిస్తుంది. దాని ముందర దండాలు పెట్టే జనం, పక్కన తల వంచుకుని నడిచే పంతొమ్మిదేళ్ళ తెలివైనవాడు. వాణ్ణి చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. అవతల మెకానిక్కు ‘ఏమైంది సార్ బ్యాటరీకి’ అని అడుగుతాడు.

‘చచ్చింది నాయనా’ అంటాను స్పష్టంగా. ‘కిందే ఉంది, ఇంటి ముందరే.’